పొటోసి: వెండి కొండ కింద ఊరు (తరచుగా అడిగే ప్రశ్నలు)

బొలీవియా వెళ్లొచ్చానని చెప్తే అందరూ ముందు ఉయుని ఉప్పు మైదానం ఫొటోలు చూపించమంటారు. పొటోసి ఫొటో ఒకటి మధ్యలో వస్తే మాత్రం అక్కడ ఆగిపోతారు. ఎర్రటి కొండ, కింద పెంకుటిళ్లు, చర్చి గోపురాలు. ఆ ఒక్క ఫొటో చూసి జనం నన్నడిగిన ప్రశ్నలే ఇవి. జవాబులు కొన్ని పొడుగ్గా ఉంటాయి, కొన్ని ఒకటి రెండు ముక్కల్లో తేలిపోతాయి.

పొటోసి ఎక్కడుంది?

బొలీవియా దక్షిణ భాగంలో, ఆండీస్ పర్వతాల మీద. సముద్రమట్టానికి దాదాపు 4,070 మీటర్ల ఎత్తు. లద్దాఖ్ వెళ్లినవాళ్లకైతే ఒక్క మాటలో చెప్పొచ్చు: లేహ్ కంటే అర కిలోమీటరు పైన. జనాభా రెండు లక్షల పైచిలుకు. ఊరికి దక్షిణంగా 4,800 మీటర్ల దాకా ఎత్తున్న కొండ ఉంది. స్పానిష్‌లో దాన్ని సెర్రో రికో అంటారు, మన మాటలో సిరుల కొండ. ఊళ్లో ఏ సందులో నిలబడినా సందు చివర అదే కనిపిస్తుంది. దారి తప్పితే దాన్ని చూసుకునే నడిచేవాణ్ణి.

ప్రపంచంలో అన్నిటికంటే ఎత్తున ఉన్న నగరం ఇదేనా?

కాదు. టీషర్టుల మీద అలా రాసి అమ్ముతారు గానీ, అదే దేశంలో లా పాస్ పక్కనున్న ఎల్ ఆల్టో దీనికంటే పైన ఉంది. పెరూలోని లా రింకొనాడా అయితే 5,000 మీటర్లు దాటేసింది. అంత ఎత్తులో ఇంత పాత, ఇంత పెద్ద కట్టడాలున్న ఊరు కావాలంటే మాత్రం పొటోసికే రావాలి.

ఆ పేరెలా వచ్చింది?

ఆండీస్ స్థానికుల భాష కెచువాలో పేలుడు లాంటి పెద్ద చప్పుడుకి దగ్గరగా ఉండే మాట అంటారు. దానికో కథ కూడా ఉంది. స్పెయిన్ వాళ్లు రాకముందు ఆండీస్‌ని ఏలిన 'ఇంకా' వంశపు చక్రవర్తి హువాయ్నా కపాక్ ఈ కొండని తవ్వించబోతే లోపలినుంచి ఉరుము లాంటి గొంతు వినిపించిందట: "ఈ వెండి మీది కాదు, దూరం నుంచి వచ్చేవాళ్ల కోసం దాచి ఉంది" అని. దూరం నుంచి వచ్చినవాళ్లకి ఇంతకంటే అనుకూలమైన కథ ఉండదు. ఎవరు ప్రచారం చేసి ఉంటారో మీరే ఊహించుకోండి. కెచువా వాళ్లు కొండని మాత్రం సుమాఖ్ ఒర్కో అంటారు, అంటే అందమైన కొండ.

వెండి ఉందని ముందు ఎవరు కనిపెట్టారు?

డియెగో హువాల్పా అనే స్థానికుడి పేరు చెప్తారు. 1545 ప్రాంతపు సంగతి. తప్పిపోయిన లామాని (ఒంటె జాతికి చెందిన, మూటలు మోసే ఆండీస్ జంతువు) వెతుక్కుంటూ కొండెక్కాడని, చలికి మంట వేసుకుంటే తెల్లారేసరికి కింద వెండి కరిగి పారిందని కథ. జారిపడబోతూ ఒక పొదని పట్టుకుంటే అది వేళ్లతో సహా ఊడొచ్చి కింద ధాతువు బయటపడిందని ఇంకోలా చెప్తారు. ఎలా దొరికినా, 1545 ఏప్రిల్‌లో హువాన్ దె విల్యార్రోయెల్ అనే స్పెయిన్ దేశస్థుడు ఆ గనిని తన పేరున రాయించుకున్నాడు. రెండేళ్లు తిరక్కుండానే, 1547లో, స్పెయిన్ రాజు అయిదో చార్లెస్ ఊరికి "సామ్రాజ్య పట్టణం" అని బిరుదిచ్చాడు. స్థానికులు ఇప్పటికీ తమ ఊరిని విల్యా ఇంపీరియల్ అనే పిలుచుకుంటారు.

ఒక్క కొండ వల్ల అంత ఊరు ఎలా వచ్చింది?

మొదట్లో కొండ పైపొరల్లో దొరికిన ధాతువులో వెండి శాతం బాగా ఎక్కువ. దాన్ని కరిగించడం తెలిసింది స్థానికులకే. గుల్లగా చిల్లులుండే చిన్న మట్టి కొలిమిని గాలి బాగా వీచే చోట, కొండవాలు మీద పెట్టేవాళ్లు. పేరు గుఐరా, అంటే గాలి. రాత్రిపూట కొండంతా వేలకొద్దీ నిప్పుకళ్లతో వెలిగేదని ఆనాటివాళ్లు రాశారు. ఊదే తిత్తులు లేవు, ఊదేది ఆండీస్ గాలే. ఆ మొదటి ఇరవై ముప్పై ఏళ్లూ స్పెయిన్ వాళ్లు ఆ కొలిముల మీదే ఆధారపడ్డారు.

1570ల నాటికి మంచి ధాతువు అయిపోయింది. అప్పుడొచ్చాడు వైస్రాయ్ ఫ్రాన్సిస్కో దె టొలెడో. ఈ ఊరి మంచికీ చెడుకీ ఎక్కువ భాగం ఆయన ఖాతాలోనే రాయాలి. రాయిని పిండి చేసి ఉప్పు, పాదరసం కలిపి తొక్కించి వెండిని వేరుచేసే పద్ధతి తెచ్చాడు. పాదరసం పెరూలోని హువాంకవెలికా గనుల నుంచి వచ్చేది. పిండి చేసే మరలకి నీళ్లు కావాలి కాబట్టి చెరువులు తవ్వించాడు. వెండి నాణేలు కొట్టడానికి టంకశాల పెట్టించాడు. పనికి మనుషులు కావాలి కాబట్టి మిత పెట్టాడు.

1610 ప్రాంతంలో లెక్క తీస్తే ఊళ్లో లక్షా అరవై వేల మంది తేలారు. ఆ రోజుల్లో యూరప్‌లో పెద్ద నగరం అనిపించుకున్నవాటికి సమానం. పంట పండని, చెట్టు మొలవని నేల మీద! గోధుమ, మొక్కజొన్న, కోకా ఆకు, ఎండుమాంసం, చైనా పట్టు, ఫ్రాన్సు టోపీలు అన్నీ లామాల మీద, కంచరగాడిదల మీద ఎక్కి రావాల్సిందే. స్పానిష్‌లో ఇప్పటికీ దేనికైనా చాలా విలువుందని చెప్పాలంటే "ఒక పొటోసి చేస్తుంది" అంటారు.

మిత అంటే ఏమిటి?

వెట్టిచాకిరీ. మనవాళ్లకి ఈ మాట చెప్తే ఇంకో వివరణ అక్కర్లేదు.

అసలు మిత ఇంకాల కాలం నాటిది. రోడ్లకీ, పొలాలకీ ఊరి తరఫున వంతులవారీగా పనిచేసి రావడం. టొలెడో ఆ పేరు ఉంచి, లోపలి సరుకు మార్చేశాడు. పదహారు పదిహేడు జిల్లాల నుంచి, కుస్కో దగ్గర నుంచి కూడా, పద్దెనిమిది యాభై ఏళ్ల మధ్య మగవాళ్లలో ఏడో వంతు మంది ఏటా పొటోసికి రావాలి. ఏడాదికి దాదాపు 13,500 మంది. దూరం నుంచి వచ్చేవాళ్లకి నడకే నెలలు పట్టేది. పెళ్లాం పిల్లలు, లామాలు, తిండిగింజలు అన్నీ వెంట పెట్టుకుని బయల్దేరేవాళ్లు.

కాగితం మీద ఒక వారం పని, రెండు వారాలు విశ్రాంతి, కూలి కూడా ఉంది. ఆ కూలితో పొటోసి ధరల్లో బతకడం కుదరదు, అందుకని విశ్రాంతి వారాల్లోనూ పనికెళ్లేవాళ్లు. తోలు నిచ్చెనల మీద వీపున ధాతువు మూట, చేతిలో కొవ్వొత్తి. పాదరసం మిల్లుల్లో పనిచేసినవాళ్ల సంగతి ఇంకా ఘోరం. చాలామంది ఏడాది అయ్యాక సొంతూరు వెళ్లలేదు. కొందరు చనిపోయి, కొందరు అప్పుల్లో ఇరుక్కుని, కొందరు వెళ్తే మళ్లీ మిత లిస్టులో పేరొస్తుందని. ఊళ్లు ఖాళీ అయినా ఆ ఊరి కోటా మాత్రం తగ్గేది కాదు. కోటా నింపలేకపోతే ఊరి పెద్దే సొమ్ము కట్టుకోవాలి.

1812లో స్పెయిన్ పార్లమెంటు రద్దు చేసింది. పూర్తిగా పోయింది 1825లో బొలీవియాకి స్వాతంత్ర్యం వచ్చాకే. రెండున్నర శతాబ్దాలు నడిచిందన్నమాట.

ఎనభై లక్షల మంది చనిపోయారంటారు, నిజమేనా?

గైడ్లు అందరూ చెప్పే అంకె ఇది. దానికి లెక్కల ఆధారం లేదు, చరిత్రకారులు దాన్ని ఒప్పుకోరు. మనుషులు చావక కాదు, ఎవరూ సరిగ్గా లెక్కపెట్టక. మాయమైన ఊళ్ల జనాభా, పారిపోయినవాళ్లు, రోగాలతో పోయినవాళ్లు అందరూ ఆ అంకెలో కలిసిపోయారు. నిజం ఎలాగూ దారుణంగానే ఉంది, దానికి పెద్ద అంకె అలంకారం అవసరమనుకోను.

ఊరి చెరువుల గురించి ఎవరూ చెప్పరేం?

అడిగినందుకు సంతోషం. చర్చిల కంటే నాకు ఎక్కువ నచ్చినవి అవే. ఊరికి పైన కారి కారి కొండల్లో వాన నీటిని ఆపి ఒకదానికొకటి కాలవలతో కలిపిన గొలుసుకట్టు చెరువులు. కాకతీయుల చెరువుల కింద పెరిగినవాళ్లకి చూడగానే అర్థమైపోతుంది. తేడా ఏమిటంటే ఇక్కడ నీళ్లు పొలానికి పోవు, రాయి దంచే మరలకి పోతాయి. వైభవం రోజుల్లో 22 చెరువులు, 140 మరలు ఉండేవి. ఊరి మధ్యగా పారే ఆ కాలవనే రిబేరా అంటారు.

1626 మార్చి 15, ఆదివారం, సాన్ ఇల్డెఫొన్సో చెరువు కట్ట తెగింది. మధ్యాహ్నం నీళ్లు ఊరి మీద పడి మరలని, ఇళ్లని తుడిచిపెట్టేశాయి. వేలమంది కొట్టుకుపోయారు. ఆ మరల్లో ఉన్న పాదరసమంతా ఆ నీటితోనే కిందికి పోయింది. కట్ట మళ్లీ కట్టారు. ఇప్పుడు అదే చెరువు దగ్గరికి ఊళ్లోంచి నడిచి వెళ్లి రావచ్చు, ఒక పూట పడుతుంది. రాతి కట్ట మీద కూర్చుంటే మనిషి అలికిడి ఉండదు.

ఈ వెండి మన దేశం దాకా వచ్చిందా?

వచ్చింది. ఇందులో అతిశయోక్తి లేదు. పొటోసిలో కొట్టిన ఎనిమిది రియాళ్ల నాణెం బరువు సుమారు 27 గ్రాములు, రెండు తులాల పైమాటే. లామాల మీద పసిఫిక్ తీరానికి, అక్కడినుంచి ఓడలో పనామాకి, మళ్లీ ఓడలో స్పెయిన్‌కి. అక్కడ నిలిచిందా అంటే లేదు, యుద్ధాల అప్పులకీ దిగుమతులకీ యూరప్ అంతా పాకింది. డచ్చివాళ్లు, ఇంగ్లిషువాళ్లు తూర్పు దేశాలకి ఓడలెక్కినప్పుడు అమ్మడానికి వాళ్ల దగ్గర మనవాళ్లకి పనికొచ్చే సరుకు పెద్దగా లేదు. అందుకని రియాళ్ల పెట్టెలు మోసుకొచ్చారు.

1600ల మొదట్లో వాళ్లు కోఠీలు పెట్టిన రేవుల్లో మచిలీపట్నం ఒకటి, ఇంగ్లిషువాళ్లు 1611లో వచ్చారు. గోల్కొండ రాజ్యంలో చెలామణీ బంగారు హొన్ను. కాబట్టి వెండి షరాబుల చేతుల్లో మారి, అద్దకం బట్టలకి, సన్నని నూలు బట్టలకి బయానాగా నేతగాళ్ల ఊళ్లకి చేరేది. సూరత్ వైపు దిగిన వెండి మొఘల్ టంకశాలల్లో కరిగి రూపాయి అయ్యేది. ఏ నాణెం పొటోసిది, ఏది మెక్సికోది అని విడదీయలేం, రెండూ కలిసే వచ్చాయి. ఇంకో పాయ మెక్సికోలోని అకపుల్కో నుంచి మనీలా మీదుగా చైనాకి పోయింది.

మచిలీపట్నం మావాడొకడికి ఇది చెప్తే "అయితే మా పెడన చీరకీ ఆ కొండకీ చుట్టరికం ఉందన్నమాట" అన్నాడు. దూరపు చుట్టరికమే, కానీ ఉంది.

తర్వాత ఊరెందుకు చితికిపోయింది?

ధాతువులో వెండి శాతం తగ్గుతూ వచ్చింది, గనులు లోతుకి పోయి నీళ్లు పట్టాయి. 1620లలో బాస్కు జాతివాళ్లకీ మిగతా స్పెయిన్ వాళ్లకీ వీధి యుద్ధాలు, వెంటనే ఆ వరద. 1649లో టంకశాలలో పెద్ద కల్తీ బయటపడింది: నాణేల్లో రాగి ఎక్కువ కలిపి వెండి మిగుల్చుకున్నారు. ఆ కల్తీకి బాధ్యుడని ఫ్రాన్సిస్కో గోమెస్ దె లా రోచా అనే కోటీశ్వరుణ్ణి 1650లో చంపించారు. పొటోసి నాణెమంటే యూరప్ వర్తకులు ముట్టుకోవడం మానేశారు. పోయిన పరువు తిరిగిరావడానికి ఏళ్లు పట్టింది.

ఇరవయ్యో శతాబ్దంలో తగరం మళ్లీ కొంత ఊపిరి పోసింది. 1952 విప్లవం తర్వాత గనులు ప్రభుత్వపరమయ్యాయి. 1985లో తగరం ధర కుప్పకూలి ప్రభుత్వ గనుల్లో వేలమంది ఉద్యోగాలు పోయాయి. అప్పటినుంచి కొండని తవ్వుతున్నది కార్మికుల సహకార సంఘాలు. జింకు, సీసం, తగరం, కాస్త వెండి.

డాలర్ గుర్తు ఇక్కడిదేనా?

పొటోసి టంకశాల ముద్రలో పి, టి, ఎస్, ఐ అనే నాలుగు రోమన్ అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. చూస్తే నిజంగానే డాలర్ గుర్తులా కనిపిస్తుంది. స్థానికులకి ఇందులో అనుమానమే లేదు. పెసో (స్పానిష్ నాణెం) అనే మాటకి రాసే పొట్టి రూపం నుంచి వచ్చిందని పండితుల్లో ఎక్కువమంది అంటారు. మ్యూజియంలో గైడుతో వాదన పెట్టుకోకండి.

ఒక్కరోజే ఉంటే ఏం చూడాలి?

కాసా దె లా మొనేదా, టంకశాల. ఇంకేం చూడకపోయినా సరే.

ఇది రెండోది. మొదటిది 1570లలో టొలెడో కట్టించినది. ఇప్పుడు మనం చూసేది 1759లో మొదలుపెట్టి 1773లో పూర్తిచేశారు. ఊరి మధ్యలో ఒక వీధి మొత్తం ఆక్రమించిన కోట. మొదటి ముంగిట్లోనే తోరణం మీద పళ్లికిలించి నవ్వే ఒక ముఖం వేలాడుతుంటుంది. పందొమ్మిదో శతాబ్దంలో ఒక ఫ్రెంచివాడు చేశాడు. అది మద్యం దేవుడా, డియెగో హువాల్పానా, లోభానికి గుర్తా అని ఊళ్లో ఇప్పటికీ తలో మాట. కీచైన్ల మీద, చాక్లెట్ డబ్బాల మీద అదే ముఖం.

లోపల నన్ను కట్టిపడేసింది చెక్క యంత్రాలు. స్పెయిన్‌లో చేయించి ఓడలో తెచ్చి, ఇంత ఎత్తుకి మోసుకొచ్చినవి. పై అంతస్తులో మనిషి కంటే ఎత్తైన పళ్ల చక్రాలు, వెండి కడ్డీని వాటి మధ్య పంపుతూ పంపుతూ రేకుగా నలిపేవాళ్లు. వాటిని తిప్పేది కింది అంతస్తులో కంచరగాడిదలు. గానుగెద్దు తిరిగినట్టే గుండ్రంగా, రోజంతా. కింద చీకటి, పైన వెండి. చెక్క మీద చెయ్యి పెట్టనివ్వరు గానీ దగ్గరికెళ్లి చూడొచ్చు. పళ్లు అరిగి నున్నగా అయిపోయి ఉన్నాయి. ఆ తర్వాతి గదుల్లో 1869లో వచ్చిన ఆవిరి యంత్రాలు ఉంటాయి, నాకు అవి పెద్దగా ఎక్కలేదు. చమత్కారం ఏమిటంటే, ఇప్పుడు బొలీవియా తన చిల్లర నాణేలని విదేశాల్లో కొట్టించుకుంటోంది.

ఇక్కడే "కొండ కన్య" చిత్రం ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో పేరు తెలియని చిత్రకారుడు వేసినది. మేరీమాత చీర కుచ్చిళ్లు పరిచినట్టు సెర్రో రికోయే ఆమె వస్త్రం, పైన ముఖం, పక్కలనుంచి రెండు చేతులు. కొండ మీద బుల్లి మనుషులు, లామాలు, దారులు. కింద పోపు, రాజు మోకరిల్లి ఉంటారు, పక్కన సూర్యుడు, చంద్రుడు. చర్చి కోసం వేశారు కాబట్టి మేరీ. కెచువా వాళ్ల కళ్లకి అది భూదేవి, పచమామ. అమ్మవారికి కొండే ఒళ్లు అనుకోవడం మనకేం కొత్త కాదు కదా.

గైడుతోనే తిరగాలి, రెండు గంటలు పడుతుంది. సోమవారాలు సాధారణంగా మూత. బయట ఎండ ఉన్నా స్వెటర్ వేసుకునే వెళ్లండి, ఆ గోడల మధ్య ఎముకలు కొరికే చలి.

చర్చిలు ఎన్ని చూడాలి?

మూడు చాలు. సాన్ లొరెన్సో బయటి ద్వారం తప్పనిసరి: 1728–1744 మధ్య స్థానిక శిల్పులు చెక్కారు. క్రైస్తవ దేవదూతల మధ్యలో సూర్యుడు, చంద్రుడు, నక్షత్రాలు, తీగవాద్యాలు వాయిస్తున్న జలకన్యలు! మధ్యాహ్నం ఏటవాలు ఎండలో చూడండి. సాన్ ఫ్రాన్సిస్కో మఠం 1547లో మొదలైంది, దాని పైకప్పు ఎక్కితే కొండ, ఊరు ఒక్క చూపులో అందుతాయి. శాంతా తెరెసా కాన్వెంటు 1685 నాటిది. ధనవంతుల ఇంట్లో ఆడపిల్లని పదిహేనో ఏట కట్నంతో సహా ఇక్కడ వదిలేసేవాళ్లు, ఆ తర్వాత తల్లితో మాట్లాడాలన్నా మధ్యలో ఇనుప జాలీ. అక్కడి గైడు ఆ జాలీ ముందు ఒక నిమిషం మాట్లాడకుండా నిలబడింది.

మధ్యలో ఖాళీ దొరికితే ఏడు మలుపుల సందులో నడవండి. గాలి సూటిగా కొట్టకుండా వంకరగా కట్టారట.

గనిలోకి వెళ్లాలా, వద్దా?

ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. నేను వెళ్లాను. మళ్లీ వెళ్లను.

ఏం జరుగుతుందంటే, ఊళ్లోని ఏజెన్సీవాళ్లు బూట్లు, హెల్మెట్, లైటు ఇస్తారు. ముందు గనికార్మికుల బజారుకి తీసుకెళ్లి, కార్మికులకి కానుకగా కోకా ఆకు, కూల్ డ్రింకు, 96 శాతం సారాయి కొనమంటారు. డైనమైట్ కూడా ఉల్లిపాయల పక్కన పెట్టినట్టు అమ్ముతుంటారు. తర్వాత రెండు మూడు గంటలు లోపల. వంగి, కొన్నిచోట్ల పాక్కుంటూ. ట్రాలీ వస్తోందని అరిస్తే గోడకి అతుక్కుపోవాలి. లోపలికెళ్లేకొద్దీ చలి పోయి ఉక్క మొదలవుతుంది, గొంతులో దుమ్ము.

అది పనిచేస్తున్న గని, షో కోసం పెట్టింది కాదు. మన ఎదురుగా చెమటలు కక్కుతూ తవ్వుతున్నవాళ్లలో మీసం రాని కుర్రాళ్లు కూడా ఉంటారు. సిలికోసిస్‌తో, అంటే రాతి దుమ్ము పీల్చడం వల్ల వచ్చే జబ్బుతో, నలభై యాభై ఏళ్లకే ఊపిరితిత్తులు పోయినవాళ్లు ఆ ఊళ్లో ప్రతి వీధిలో ఉన్నారు. వాళ్ల బతుకుని మనం టికెట్ కొని చూస్తున్నామన్న ఇబ్బంది నాకు పోలేదు. మా గైడు పదేళ్లు గనిలో చేసినవాడు, అతని మాట వేరు: "చూసినవాడే బయట చెప్తాడు, ఆ డబ్బుతో నేను గని మానేశాను." అతని మాటా కాదనలేను.

వెళ్లాలనుకుంటే గనిలో పనిచేసినవాళ్లే నడిపే ఏజెన్సీ చూసుకోండి. టూరిస్టుల కోసం డైనమైట్ పేల్చి చూపిస్తామనేవాళ్లని వదిలేయండి. ఆస్తమా, గుండె జబ్బు, ఇరుకంటే భయం ఉన్నవాళ్లు, పిల్లలు అస్సలు వద్దు. ఆదివారాలు పని ఉండదు.

లోపల దయ్యం బొమ్మ ఉంటుందట?

ఎల్ టియో, అంటే మావయ్య లేదా బాబాయి. కొమ్ములతో, మట్టితో చేసిన మనిషంత బొమ్మ. భూమి పైన దేవుడిది, కింద రాజ్యం ఇతనిది. కార్మికులు నోట్లో సిగరెట్ వెలిగించి పెడతారు, కోకా ఆకు చల్లుతారు, సారాయి నేలమీద పోసి తామూ ఒక గుక్క తాగుతారు. ఏడాదికోసారి గని ముఖద్వారం దగ్గర లామాని బలిచ్చి రక్తం చల్లుతారు. ఊరి పొలిమేర దేవతకి సాక పోసే ఇంట్లో పెరిగాను కాబట్టి నాకు ఇది వింతగా అనిపించలేదు. పక్కనున్న జర్మన్ కుర్రాడు మాత్రం బిత్తరపోయాడు.

కొండ కుంగిపోతోందా?

అవును. అయిదు శతాబ్దాల సొరంగాలతో లోపల గుల్లైపోయింది. 2011లో శిఖరం దగ్గర పెద్ద గొయ్యి పడింది. 1987లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కిన ఊరిని యునెస్కో 2014లో "ప్రమాదంలో ఉన్నవి" జాబితాలో చేర్చింది. పై భాగంలో తవ్వకాలు ఆపాలని ఎన్నోసార్లు అన్నారు. అక్కడ పని పోతే వేల కుటుంబాలకి వేరే దారి చూపించాలి, పీటముడి అక్కడే పడింది.

ఊపిరాడదని భయం. ఏం చెయ్యాలి?

భయపడాల్సిందే, కొంచెం. అక్కడ గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉన్నదాంట్లో అరవై శాతం మాత్రమే. నేను ఉయుని నుంచి వచ్చాను కదా, అలవాటైపోయిందనుకుని బస్సు దిగి బ్యాగుతో ఎత్తు వీధి ఎక్కాను. రెండు మలుపుల తర్వాత గోడ పట్టుకుని కూర్చుండిపోయాను. ఒక ముసలమ్మ కూరగాయల మూటతో నన్ను దాటుకుని వెళ్లిపోయింది.

కిందున్న సుక్రే నగరం 2,800 మీటర్లు. అక్కడ కనీసం రెండు రాత్రులు పడుకుని రండి. మొదటిరోజు మెల్లగా నడవండి, కడుపునిండా తినకండి, మందు ముట్టకండి, నీళ్లు తాగుతూ ఉండండి. కోకా ఆకుల టీ అక్కడ మామూలే, తాగొచ్చు. ఆ ఆకుల్ని మాత్రం బ్యాగులో వేసుకుని ఇండియాకి తేవద్దు, మన మత్తుమందుల చట్టం కింద నేరం. ఎత్తుకి వేసుకునే మాత్రల గురించి మీ డాక్టర్నే అడగండి. తలనొప్పి తగ్గకుండా తూలుడు, ఆయాసం ఎక్కువైతే ఆలోచించకుండా సుక్రేకి దిగిపోండి.

ఇంకోటి: నీళ్లు అక్కడ 86 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. హాస్టల్ వంటగదిలో కందిపప్పు రెండు గంటలు ఉడికించాను, పలుకులు పలుకులుగానే ఉంది. కుక్కర్ లేకుండా పప్పు ఆశ పెట్టుకోవద్దు.

తిండి సంగతి?

మాంసం తినేవాళ్లకి కలాపుర్కా. మొక్కజొన్న పిండి జావ లాంటి చిక్కటి సూప్, మట్టి గిన్నెలో పోసి, కాల్చిన అగ్నిపర్వతపు రాయిని అందులో వేసి తెస్తారు. బల్లమీదకొచ్చాక కూడా బుడబుడా మరుగుతూనే ఉంటుంది. పొద్దున్నే తినే వంట అది. సాయంత్రం చలికి ఊదారంగు మొక్కజొన్నతో కాచే 'ఆపి' అనే వేడి పానీయం, పక్కన ఉబ్బిన చీజ్ పూరీ లాంటిది. ఆ జోడీ కోసం రోజూ మార్కెట్‌కి వెళ్లేవాణ్ణి.

కారం లేదని బెంగపడకండి. ల్యాహ్వా ఉంది: లొకోతో మిరప, టమాటా, ఒక ఘాటైన ఆకు కలిపి బతాన్ అనే రాతి మీద నూరతారు. బతాన్ అంటే మన సన్నికల్లే, పైరాయి మాత్రం అర్ధచంద్రంలా ఉండి ఊగుతుంది. అచ్చం రోటి పచ్చడి. చున్యో అని నల్లగా ఎండిన బంగాళాదుంప కనిపిస్తుంది. రాత్రి మంచుకి గడ్డకట్టించి, తొక్కి నీరు తీసి, ఎండకి ఆరబెట్టి ఏళ్లపాటు దాచుకుంటారు. నాకు రుచి పట్టుబడలేదు.

శాకాహారులు కినోవా, గుడ్డు, చీజ్, దుంపలతో నెట్టుకురావచ్చు. "కార్నె (మాంసం) లేకుండా" అంటే వాళ్లు గొడ్డుమాంసం ఒక్కటే తీసేసి చికెన్ వేసే ప్రమాదం ఉంది, విడమరిచి చెప్పండి. సూప్ నీళ్లు మాత్రం దాదాపు ఎప్పుడూ మాంసానివే.

ఎలా చేరుకోవాలి?

సుక్రే నుంచి బస్సు, 160 కిలోమీటర్లు, మూడు మూడున్నర గంటలు, మంచి రోడ్డు. ఉయుని నుంచి నాలుగు గంటలు. లా పాస్ నుంచి రాత్రంతా. విమానం నమ్ముకోకండి. ఊళ్లో రెండు బస్టాండ్లు ఉన్నాయి, ఎంజీబీఎస్, జేబీఎస్ లాగా. ఉయుని బస్సులు పాత బస్టాండ్ నుంచి ఎక్కాలి. తెలియక కొత్తదానికి వెళ్లి టాక్సీ డబ్బులు వదిలించుకున్నాను.

బ్లోకేయో అనే మాట నేర్చుకోండి, రాస్తారోకో. 2010లో ఈ ఊరివాళ్లు 19 రోజులు రోడ్లన్నీ మూసేస్తే టూరిస్టులు లోపలే చిక్కుకుపోయారు. రిటర్న్ ఫ్లైటుకి ముందు రెండు మూడు రోజులు ఖాళీ పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

వీసా, టీకాలు?

వీసా నియమాలు మారుతుంటాయి, టికెట్ కొనేముందే ఢిల్లీలోని బొలీవియా ఎంబసీని అడగండి. ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ మాత్రం మర్చిపోకండి. పొటోసి చలిలో దోమ బతకదు గానీ, బొలీవియా నుంచి వస్తే ఇండియాలో దిగేటప్పుడు ఆ కార్డు చూపించాలి. లేకపోతే క్వారంటైన్‌లో పెడతారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు.

ఎప్పుడు వెళ్తే మంచిది?

మే నుంచి సెప్టెంబరు దాకా ఎండ బాగుంటుంది, రాత్రుళ్లు సున్నా కిందికి పోతుంది. హోటల్ బుక్ చేసేటప్పుడు హీటర్ ఉందా అని అడగండి, చాలావాటిలో ఉండదు. డిసెంబరు నుంచి మార్చి వానలు. ఆగస్టు చివర్లో చుతిల్యోస్ పండగ, సెయింట్ బార్తొలొమ్యూ పేరు మీద. వీధులు నిండా నాట్యబృందాలు, ఇత్తడి బాకాలు. 2023లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. ఆ రోజుల్లో గది దొరకాలంటే ముందే చూసుకోవాలి.

ఇంగ్లిష్‌తో పనవుతుందా?

టూర్ ఏజెన్సీలో అవుతుంది. బయట స్పానిష్, ఇంటి మాటల్లో కెచువా. అంకెలు, "ఎంత", "ఎక్కడ" నేర్చుకుని వెళ్లండి.

దగ్గర్లో ఇంకేమున్నాయి?

తారాపాయ దగ్గర, ఊరికి పాతిక కిలోమీటర్లలో, గుండ్రటి వేడినీళ్ల గుండం ఉంది. "ఇంకా కన్ను" అంటారు. అందంగా ఉంటుంది, మధ్యలోకి ఈదకండి, సుడులున్నాయి, జనం పోయారు. సుక్రే, ఉయుని ఎలాగూ మీ దారిలోనే ఉంటాయి.

అక్కడ వెండి వస్తువులు కొనొచ్చా?

కొనొచ్చు, కానీ చవకని మురిసిపోకండి. బజార్లో వెండి అని అమ్మేదాంట్లో చాలావరకు కలగలుపు లోహమే. ముద్ర చూసి, పెద్ద కొట్లోనే కొనండి. పాత నాణెమని చూపించేవాటిలో నకిలీలే ఎక్కువ, ఒకవేళ అసలుదైతే దాన్ని దేశం దాటించడం నేరం. నేను గని బయట తట్టలో రాళ్లు పెట్టుకుని అమ్మే ఒకావిడ దగ్గర కోడిగుడ్డంత రాయి కొన్నాను. ఇలా రాళ్లకుప్పల్లో ధాతువు ఏరుకునే ఆడవాళ్లని పల్యీరి అంటారు. మెరుస్తోంది కదా వెండేనా అని అడిగితే నవ్వి, కాదు బాబూ, వెండైతే నీకెందుకమ్ముతాను అంది.